చేతి తుపాకుల తూటాలు: వేగం, శక్తి, పీడనం – తరచుగా అడిగే ప్రశ్నలు

తూటాల పెట్టె మీద వేగం ఉంటుంది, శక్తి ఉంటుంది. పీడనం మాత్రం అంకెల్లో దాదాపు ఎప్పుడూ కనిపించదు. కొనేవాళ్ళు మొదటి రెండింటినీ పోల్చి చూస్తారు. తుపాకీ భద్రంగా ఉంటుందా లేదా అన్నది తేల్చేది మూడోది. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ మూడో అంకె చుట్టూనే తిరుగుతాయి.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. ఇక్కడ తూటా అంటే కేసు (లోహపు గొట్టం), ప్రైమర్ (దెబ్బ తగలగానే మొదట అంటుకునే చిన్న భాగం), మందు (తుపాకిమందు), బుల్లెట్ నాలుగూ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే బ్యారెల్ నుంచి బయటకు వెళ్ళే లోహపు ముక్క మాత్రమే. మామూలు మాటల్లో రెండింటినీ ఒకటే అనేస్తాం కానీ, ఈ విషయంలో అలా అంటే లెక్క తప్పుతుంది.

పెట్టె మీద "9 ఎంఎం, 115 గ్రెయిన్, 1180" అని ఉంది. ఏ అంకె దేనిది?

115 గ్రెయిన్ అనేది బుల్లెట్ బరువు. ఇది లోపలి మందు బరువని చాలామంది పొరబడతారు. గ్రాముకు 15.43 గ్రెయిన్లు, కాబట్టి 115 గ్రెయిన్లంటే 7.45 గ్రాములు. 1180 అనేది సెకనుకు అడుగుల్లో వేగం. 0.3048తో గుణిస్తే సెకనుకు 360 మీటర్లు. దాని పక్కన 356 లాంటి ఇంకో అంకె ఉంటే అది ఫుట్-పౌండ్లలో శక్తి. 1.356తో గుణిస్తే జౌల్స్‌లోకి మారుతుంది, అంటే సుమారు 482.

శక్తిని కంపెనీ విడిగా కొలుస్తుందా?

కొలవదు. బరువు, వేగం తెలిస్తే శక్తి లెక్కలో వస్తుంది. గ్రెయిన్లలో బరువును వేగంతో రెండుసార్లు గుణించి 4,50,240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి. 115 × 1180 × 1180 ÷ 4,50,240 = 356. మెట్రిక్‌లో బడిలో నేర్చుకున్న సూత్రమే: కిలోల్లో బరువులో సగాన్ని మీటర్లలో వేగపు వర్గంతో గుణించాలి.

బరువు ఒక్కసారే, వేగం రెండుసార్లు లెక్కలోకి రావడం వల్ల తేలికైన, వేగమైన బుల్లెట్‌కు కాగితం మీద పెద్ద అంకె వస్తుంది. 9 ఎంఎంలోనే 147 గ్రెయిన్ల బుల్లెట్ 1000 అడుగుల వేగంతో పోతే శక్తి 327. 115 గ్రెయిన్లదానికి 356. బరువు 28 శాతం ఎక్కువైనా శక్తి తక్కువ. ప్రకటనల్లో శక్తిని పెద్ద అక్షరాల్లో ముందు పెట్టడానికి ఇదొక కారణం. ఆ అంకె పెద్దదైనంత మాత్రాన తూటా మంచిదైపోదు.

నా తుపాకీలో పెట్టె మీది వేగం ఎందుకు రావడం లేదు?

ఆ వేగం మీ తుపాకీలో కొలిచింది కాదు. అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ సామీ. 1926 నుంచి ఉంది. దాని పద్ధతిలో 9 ఎంఎంకు 4 అంగుళాల పరీక్ష బ్యారెల్, .45 ఏసీపీకి 5 అంగుళాల బ్యారెల్ వాడతారు. మీది 3 అంగుళాల చిన్న పిస్టల్ అయితే మందు వాయువులు బుల్లెట్‌ను నెట్టే దూరం తగ్గుతుంది. 9 ఎంఎంలో బ్యారెల్ అంగుళం తగ్గితే సాధారణంగా 30 నుంచి 60 అడుగుల వేగం పోతుంది. ఎంత అన్నది మందు మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా కాలే మందైతే నష్టం ఎక్కువ.

రివాల్వర్‌లో ఇంకో చిక్కు ఉంది. తూటాలు కూర్చునే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, అందులోంచి వాయువు కొంత పక్కకు పోతుంది. .38 స్పెషల్ పరీక్షకు సామీ వాడే 4 అంగుళాల బ్యారెల్‌లో అందుకే 0.008 అంగుళం ఖాళీ కావాలనే పెడతారు. అలాంటి ఖాళీ లేని పొడవాటి బ్యారెల్‌తో కొలిచిన పాత పట్టికలు ఇంకా తిరుగుతున్నాయి. .357 మాగ్నమ్‌కు 8 అంగుళాలు దాటిన బ్యారెల్‌తో కొలిచిన అంకె చూసి 4 అంగుళాల రివాల్వర్‌లో అదే ఆశిస్తే నిరాశ తప్పదు.

ఇవన్నీ సరిపోయినా సామీ లెక్క ప్రకారం సగటు వేగం ప్రకటించినదానికి 90 అడుగులు అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 1180 అని రాసిన పెట్టెకు 1110 వస్తే అది లోపం కాదు.

వేగం ఇంట్లో కొలవలేం కదా, రేంజ్‌లో ఎలా కొలవాలి?

క్రోనోగ్రాఫ్ అనే పరికరంతో. రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి నీడను పట్టే సెన్సర్ల రకం: రెండు సెన్సర్ల మీదుగా బుల్లెట్ దాటే సమయాన్ని కొలుస్తుంది. రెండోది తుపాకీ పక్కనే పెట్టే రాడార్ రకం.

సెన్సర్ల రకాన్ని బ్యారెల్ మూతికి 10 నుంచి 15 అడుగుల దూరంలో పెట్టాలి. మరీ దగ్గర పెడితే మూతి నుంచి వచ్చే వాయువూ కాలని మందు రేణువులూ బుల్లెట్ కన్నా ముందే సెన్సర్‌ను తాకి అర్థంలేని అంకెలిస్తాయి. ఇండోర్ రేంజ్‌లో ట్యూబ్‌లైట్ల మిణుకు కూడా సెన్సర్‌ను తికమక పెడుతుంది, దానికి సొంత దీపాలున్న మోడల్ కావాలి. పరికరాన్ని గురి గీతకు సమాంతరంగా నిలపాలి. వంకరగా ఉంటే బుల్లెట్ రెండు సెన్సర్ల మధ్య ఎక్కువ దూరం ప్రయాణించి వేగం తక్కువగా చూపిస్తుంది.

ఒకటి రెండు తూటాలు కాల్చి నిర్ణయానికి రావద్దు. కనీసం 10 కాల్చి సగటు, అతి ఎక్కువకూ అతి తక్కువకూ తేడా, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) మూడూ రాసుకోండి. మంచి ఫ్యాక్టరీ 9 ఎంఎం తూటాల్లో విచలనం 10 నుంచి 20 అడుగుల మధ్య ఉండటం మామూలు. దాంతోపాటు ఆ రోజు ఉష్ణోగ్రత, పెట్టె మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే గుర్తు), బ్యారెల్ పొడవు కూడా రాయండి. ఇవి లేని వేగపు అంకె ఆరు నెలల తర్వాత ఎందుకూ పనికిరాదు.

.38 స్పెషల్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ లాంటి పాత తూటాల్లో అంకెలు ఎక్కువ ఊగిసలాడితే కంగారు పడొద్దు. నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో పెద్దగా చేసిన కేసులో ఇప్పటి మందు కొంచెమే పడుతుంది. మిగతాది ఖాళీ. తుపాకీ కదలికను బట్టి మందు ప్రైమర్ దగ్గరకు చేరితే త్వరగా అంటుకుని వేగం పెరుగుతుంది, బుల్లెట్ వైపు జారితే తగ్గుతుంది.

పీడనం అంటే సరిగ్గా ఏమిటి?

మందు కాలి వాయువుగా మారినప్పుడు అది కేసు గోడల మీద, ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీద, బుల్లెట్ అడుగు మీద, వెనక బ్రీచ్ (ఛాంబర్‌ను మూసే భాగం) మీద వేసే ఒత్తిడి. బుల్లెట్ ఇంకా బ్యారెల్ మొదట్లో ఉండగానే, మిల్లీసెకనులో కొంత భాగంలోనే ఇది శిఖరానికి చేరి తర్వాత పడిపోతుంది. ప్రమాణాల్లో రాసేది ఆ శిఖరపు అంకెనే.

బుల్లెట్ వేగాన్ని నిర్ణయించేది శిఖరం ఒక్కటే కాదు, బ్యారెల్ పొడవునా పీడనం ఎంతసేపు నెట్టిందన్నది. అందుకే ఒకే వేగాన్నిచ్చే రెండు తూటాల్లో ఒకదాని శిఖరం చాలా ఎక్కువ, రెండోదానిది తక్కువ కావచ్చు. క్రోనోగ్రాఫ్‌లో వేగం మామూలుగా కనిపించినంత మాత్రాన పీడనం మామూలుగా ఉందని అనుకోకూడదు. అయితే ప్రకటించినదానికన్నా వేగం బాగా ఎక్కువ వస్తే మాత్రం కాల్చడం ఆపి కారణం వెతకాలి.

ఏ తూటాకు ఎంత పీడనం అనుమతి?

సామీ పెట్టిన గరిష్ఠ సగటు పీడనాలు ఇవి. పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. +పీ అంటే అదే తూటాలో ఎక్కువ పీడనపు రకం, దాని సంగతి కింద ఉంది.

| తూటా | పీఎస్ఐ | మెగాపాస్కల్ |
|---|---|---|
| .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ | 15,000 | 103 |
| .38 స్పెషల్ | 17,000 | 117 |
| .38 స్పెషల్ +పీ | 20,000 | 138 |
| .32 ఏసీపీ | 20,500 | 141 |
| .45 ఏసీపీ | 21,000 | 145 |
| .380 ఏసీపీ | 21,500 | 148 |
| .45 ఏసీపీ +పీ | 23,000 | 159 |
| .22 లాంగ్ రైఫిల్ | 24,000 | 165 |
| 9 ఎంఎం లూగర్ | 35,000 | 241 |
| .357 మాగ్నమ్ | 35,000 | 241 |
| .44 మాగ్నమ్ | 36,000 | 248 |
| 9 ఎంఎం లూగర్ +పీ | 38,500 | 265 |

గరిష్ఠ సగటు అనే మాటను గమనించండి. పరీక్షించిన కొన్ని తూటాల సగటు దీన్ని దాటకూడదని అర్థం. వాటిలో ఒక్కో తూటా కొంచెం పైకీ కిందికీ ఉంటుంది. ఇది పైకప్పు, లక్ష్యం కాదు. చాలా ఫ్యాక్టరీ తూటాలు దీనికి తక్కువలోనే పనిచేస్తాయి.

.45 పీడనం 9 ఎంఎంలో 60 శాతమే. మరి శక్తి ఎలా సమానంగా వస్తుంది?

పీడనం అంటే ఒక్కో చదరపు అంగుళం మీద పడే ఒత్తిడి. నెట్టే బలం తెలియాలంటే దాన్ని బుల్లెట్ అడుగు వైశాల్యంతో గుణించాలి. 9 ఎంఎం బుల్లెట్ వ్యాసం 0.355 అంగుళం, వైశాల్యం 0.099 చదరపు అంగుళం. .45ది వ్యాసం 0.452, వైశాల్యం 0.160.

35,000 × 0.099 అంటే సుమారు 3,460 పౌండ్లు. 21,000 × 0.160 అంటే సుమారు 3,360 పౌండ్లు. రెండింట్లోనూ బుల్లెట్ వెనక పడే బలం దాదాపు ఒకటిన్నర టన్ను. ఫలితం కూడా అలాగే ఉంటుంది: 230 గ్రెయిన్ల .45 బుల్లెట్ 850 అడుగుల వేగంతో 369 ఫుట్-పౌండ్లు, 124 గ్రెయిన్ల 9 ఎంఎం 1150 వేగంతో 364.

పీడనం తక్కువైతే తూటా బలహీనమన్న మాట ఇక్కడే వీగిపోతుంది. పీడనం తుపాకీ లోహానికి సంబంధించిన అంకె. ఒక తూటా పీడనాన్ని ఇంకో తూటా పీడనంతో పోల్చి ఏది మేలని తేల్చలేం. ఆ తూటాకు పెట్టిన హద్దుతోనే దాన్ని పోల్చాలి.

పాత పుస్తకంలో .357 పీడనం 45,000 అని ఉంది. ఇప్పుడు 35,000 అంటున్నారు. తగ్గించారా?

కొలిచే పద్ధతి వేరు. పాత పద్ధతిలో చిన్న రాగి స్థూపం పీడనానికి ఎంత నలిగిందో కొలిచి, దాన్ని సీయూపీ అనే ప్రమాణంలో రాసేవారు. ఇప్పుడు పీజో స్ఫటికపు (నొక్కితే విద్యుత్ సంకేతమిచ్చే స్ఫటికం) సెన్సర్ పీడనాన్ని నేరుగా క్షణక్షణం నమోదు చేస్తుంది, అది పీఎస్ఐలో వస్తుంది. పాత పుస్తకాల్లో చాలావాటిలో సీయూపీ అంకె పక్కన కూడా పీఎస్ఐ అనే అచ్చువేశారు, గందరగోళానికి అదే మూలం.

ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే సూత్రం లేదు. .357కు 45,000 సీయూపీ, 35,000 పీఎస్ఐ. 9 ఎంఎంకు 33,000 సీయూపీ, 35,000 పీఎస్ఐ. .45కు 18,000 సీయూపీ, 21,000 పీఎస్ఐ. ఒకచోట పెరిగింది, ఇంకోచోట తగ్గింది. ఎవరైనా రెండింటినీ ఒకే పట్టికలో కలిపి రాస్తే ఆ పట్టికను పక్కన పెట్టేయండి.

యూరప్ పెట్టెల మీద సీఐపీ అని ఉంటుంది. అది సామీ కంటే కఠినమా?

సీఐపీ 1914లో మొదలైన అంతర్జాతీయ సంస్థ. సభ్యదేశాల్లో దాని నిబంధనలకు చట్టబలం ఉంది. ప్రతి తుపాకీని అమ్మేముందు ఎక్కువ పీడనపు తూటాలతో కాల్చి ముద్ర వేయాలి. చేతి తుపాకులకు ఆ పరీక్ష తూటాలు గరిష్ఠం కంటే 30 శాతం ఎక్కువ పీడనంతో ఉంటాయి. సామీ ప్రమాణాలు కంపెనీలు స్వచ్ఛందంగా పాటించేవి.

9 ఎంఎంకు సీఐపీ హద్దు 235 మెగాపాస్కల్, సామీది 241. అయితే సెన్సర్ పెట్టే తీరు రెండింట్లో వేరు: సీఐపీ పద్ధతిలో కేసుకు రంధ్రం చేస్తారు, సామీ పద్ధతిలో కేసు గోడ మీదుగానే కొలుస్తారు. కాబట్టి ఆరు మెగాపాస్కల్ తేడాను చూసి ఒకటి మెతక, ఒకటి కఠినం అనడం సరికాదు. పరీక్ష తూటాలకు తట్టుకుంది కదా అని 30 శాతం ఎక్కువ పీడనాన్ని రోజూ వాడవచ్చని కూడా కాదు. అది ఒకటి రెండుసార్లు మాత్రమే చేసే పరీక్ష.

+పీ, +పీ+ తేడా ఏమిటి?

+పీకి ప్రమాణం ఉంది. పై పట్టికలో చూడండి: 9 ఎంఎంలో 10 శాతం, .38 స్పెషల్‌లో సుమారు 18 శాతం ఎక్కువ. కేసు కొలతలు మామూలు తూటావే, కాబట్టి ఏ తుపాకీలోనైనా పట్టేస్తుంది. అడ్డుకునేది కేసు అడుగున ఉన్న ముద్ర ఒక్కటే, మీరు దాన్ని చదివితేనే.

+పీ+కి ఏ ప్రమాణమూ లేదు. +పీ కంటే ఎక్కువ అని తప్ప ఎంత ఎక్కువో ఆ ముద్ర చెప్పదు. ఒక కంపెనీ +పీ+ ఇంకో కంపెనీదానితో సమానం కాదు. మీ తుపాకీ మాన్యువల్‌లో +పీ వాడవచ్చని స్పష్టంగా రాసి ఉంటేనే +పీ వాడండి, అప్పుడు కూడా రోజువారీ సాధనకు మామూలువే వాడితే స్ప్రింగులు, ఫ్రేమ్ ఎక్కువ కాలం ఉంటాయి. మాన్యువల్‌లో ఏమీ రాయకపోతే వద్దని అర్థం చేసుకోండి. పాత .38 రివాల్వర్లకు, ముఖ్యంగా అల్యూమినియం ఫ్రేమ్ ఉన్నవాటికి, ఇది మరీ వర్తిస్తుంది.

మన దగ్గర లైసెన్సు మీద దొరికేవి ఎక్కువగా .32లే. రివాల్వర్ తూటా, పిస్టల్ తూటా ఒకటేనా?

కావు. ఈ ప్రశ్న ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరూ అడగాల్సింది. 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు లైసెన్సు మీద ఇవ్వని రకం), కాబట్టి సాధారణ లైసెన్సుదారు చేతిలో ఉండేది చాలావరకు .32.

ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్‌కు వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్: కేసు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పైన అంచు. .32 పిస్టల్‌కు వాడేది .32 ఏసీపీ: కేసు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, అంచు చాలా చిన్నది. చిక్కేమిటంటే రెండు కేసుల లావు దాదాపు ఒకటే, ఏసీపీకి కూడా కొద్దిగా అంచు ఉంది కాబట్టి అది .32 రివాల్వర్ సిలిండర్‌లో కూర్చుంటుంది, పేలుతుంది కూడా. రివాల్వర్ తూటా హద్దు 15,000 పీఎస్ఐ, ఏసీపీది 20,500. మూడో వంతుకు పైగా ఎక్కువ. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ పాత వెబ్లీ పద్ధతిలో మధ్యలో మడిచి తెరిచేది. కాల్చినప్పుడు ఫ్రేమ్‌ను మూసి ఉంచేది పైనున్న గడియే. దాని మీద ప్రతిసారీ అదనపు బరువు వేస్తే గడియ వదులవుతుంది, సిలిండర్ ఖాళీ పెరుగుతుంది. పట్టింది కదా అని వాడొద్దు.

శక్తి విషయానికొస్తే 98 గ్రెయిన్ల రివాల్వర్ తూటా 705 అడుగుల వేగంతో సుమారు 108 ఫుట్-పౌండ్లు, 71 గ్రెయిన్ల ఏసీపీ 905 వేగంతో 129. తూటాలు కొనేటప్పుడు ".32 ఇవ్వండి" అని ఆగకుండా పూర్తి పేరు చెప్పండి. పెట్టె తెరిచి కేసు అడుగు ముద్ర చూసి, బ్యారెల్ మీద చెక్కిన పేరుతో పోల్చాకే డబ్బులివ్వండి.

.38 స్పెషల్‌ను .357లో కాల్చవచ్చంటారు. తిరగేసి ఎందుకు కాదు?

రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే, 0.357 అంగుళం. .357 పీడనం రెట్టింపు కంటే ఎక్కువ కాబట్టి, అది .38 రివాల్వర్‌లో పట్టకూడదని కేసును 0.135 అంగుళం పొడవు చేశారు. సిలిండర్ ముందు భాగంలోని మెట్టు దాన్ని ఆపుతుంది. .357లో .38 వందలకొద్దీ కాలిస్తే ఆ మెట్టు దగ్గర మసి వలయం గట్టిపడుతుంది. తర్వాత .357 తూటాలు బిగుతుగా దిగుతాయి, ఖాళీ కేసులు రావడానికి మొరాయిస్తాయి. బ్రష్‌తో ఛాంబర్లు శుభ్రం చేస్తే పోతుంది.

ఫ్యాక్టరీ తూటాలే వాడుతున్నా పీడనం హద్దు దాటే అవకాశం ఉందా?

ఉంది. అన్నిటికన్నా మామూలుగా జరిగేది బుల్లెట్ లోపలికి దిగిపోవడం. రోజూ రాత్రి పిస్టల్ ఖాళీ చేసి, పొద్దున అదే తూటాను మళ్ళీ ఛాంబర్‌లోకి ఎక్కించేవాళ్ళుంటారు. ప్రతిసారీ బుల్లెట్ ముక్కు ఫీడ్ ర్యాంప్‌కు (తూటాను ఛాంబర్‌లోకి నడిపే వాలుకు) కొట్టుకుని కొంచెం కొంచెంగా కేసులోకి నెట్టుకుపోతుంది. కేసులో ఖాళీ తగ్గితే అదే మందుకు పీడనం నిటారుగా లేస్తుంది. 9 ఎంఎం, .40 లాంటి చిన్న కేసు, ఎక్కువ పీడనం ఉన్నవాటిలో ఈ ప్రమాదం ఎక్కువ. అదే పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. కంటికి తేడా కనిపిస్తే ఆ తూటా ఇక కాల్చకూడదు. రెండు మూడుసార్లు ఎక్కించిన తూటాను మళ్ళీ మళ్ళీ ఎక్కించకుండా సాధనలో ముందుగా వాడేయడం మంచి అలవాటు.

తేలికైన రివాల్వర్లలో దీనికి పూర్తి వ్యతిరేకం జరుగుతుంది. ఒకటి కాల్చినప్పటి కుదుపుకు, ఇంకా కాల్చని తూటాల్లోని బుల్లెట్లు ముందుకు జారి, సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి అది తిరగకుండా బిగుసుకుపోతుంది. ఆ తుపాకీకి బుల్లెట్‌ను గట్టిగా నొక్కి పట్టిన తూటాలు కావాలి.

బ్యారెల్‌లో అడ్డు ఉంటే ఏ తూటా పీడనమైనా ప్రమాదమే. శుభ్రం చేసేటప్పుడు మిగిలిపోయిన గుడ్డ ముక్క, మట్టి, ముందటి బుల్లెట్, ఏదైనా సరే. వేడి కూడా లెక్కలోకి వస్తుంది. రామగుండం మే ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలిన తూటాల్లోని మందు వేడెక్కి మామూలుకన్నా వేగంగా కాలుతుంది. పీడనం, వేగం రెండూ పెరుగుతాయి.

"టప్" మని చిన్న చప్పుడే వచ్చింది, కుదుపు లేదు. తర్వాతది కాల్చవచ్చా?

వద్దు. తూటాలో మందు లేకపోవడమో తడిసిపోవడమో జరిగి, ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్‌లోకి దిగి ఆగిపోయి ఉండవచ్చు. వెనక ఇంకో తూటా కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది.

తుపాకీ మూతిని లక్ష్యం వైపే ఉంచి ఒక నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటా కావచ్చు. తర్వాత మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, విడదీసి వెనక వైపు నుంచి బ్యారెల్‌లోకి వెలుతురు చూడండి. రివాల్వర్‌లో బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఇరుక్కుంటే సిలిండర్ తెరుచుకోదు. బలవంతం చేయకుండా రేంజ్ అధికారికి చెప్పి ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) అప్పగించండి. ఆ లాట్‌లోని మిగతా తూటాలు కాల్చకుండా పక్కన పెట్టండి.

కాల్చిన కేసును చూసి పీడనం ఎక్కువైందని చెప్పగలమా?

చేతి తుపాకుల్లో ఈ పద్ధతి నమ్మదగింది కాదు. ప్రైమర్ చదునైతే పీడనం ఎక్కువని రైఫిల్ వాడేవాళ్ళ మాట. అది 50,000 పీఎస్ఐ దాటిన తూటాల సంగతి. 17,000 హద్దున్న .38లో ప్రైమర్ చదునయ్యేసరికి హద్దు ఎప్పుడో ఎంతో దాటిపోయి ఉంటుంది. ప్రైమర్ బాగుంది కదా అనుకోవడం అందుకే ప్రమాదం.

కేసులు ఛాంబర్‌లో బిగుసుకుపోవడం, అడుగు భాగం ఒకవైపు ఉబ్బి రావడం, ప్రైమర్ ఊడిపోవడం, ఖాళీ కేసులు మామూలుకన్నా చాలా దూరం ఎగిరిపడటం ఆగాల్సిన సూచనలు. ఇవి లేకపోవడం మాత్రం భద్రతకు హామీ కాదు.

శక్తి ఎక్కువైతే ఆత్మరక్షణకు మెరుగా?

ఆ అంకె ఒక్కటే ఆ మాట చెప్పలేదు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ తన పరీక్షలను మార్చుకుంది. 10 శాతం జెలటిన్ దిమ్మెలో బుల్లెట్ 12 నుంచి 18 అంగుళాలు వెళ్ళాలన్నది దాని కొలమానం. శక్తికి అందులో మార్కులు లేవు. మీరు నియంత్రించగలిగే, మీ తుపాకీలో ఇరుక్కోకుండా నడిచే తూటా ముఖ్యం.

శక్తిని గుర్తు చేసుకోవాల్సిన అసలు సందర్భం బుల్లెట్ లక్ష్యం దాటి వెళ్ళినప్పుడు. 102 ఫుట్-పౌండ్ల చిన్న .22 పెట్టెల మీద కూడా మైలున్నర దూరం వరకు ప్రమాదమని రాసి ఉంటుంది. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చేవాళ్ళు ఇది చదవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అలా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కుదుపును ఏ అంకె చెబుతుంది?

శక్తి కన్నా ద్రవ్యవేగం దగ్గరగా చెబుతుంది. అంటే బరువు, వేగం ఒక్కోసారే గుణించడం. షూటింగ్ పోటీల్లో దీన్నే వెయ్యితో భాగించి పవర్ ఫ్యాక్టర్ అంటారు. 115 × 1180 అయితే 135.7. 230 × 850 అయితే 195.5. శక్తి దాదాపు ఒకటే అయినా .45 చేతికి ఎందుకు బరువుగా తగులుతుందో ఈ అంకె చెబుతుంది. తుపాకీ బరువు, మందు వాయువుల తోపు కూడా కలుస్తాయనుకోండి.

అమెరికాలోని యూఎస్‌పీఎస్ఏ అనే షూటింగ్ సంఘం పోటీల్లో మైనర్ తరగతికి 125, మేజర్ తరగతికి 165 పవర్ ఫ్యాక్టర్ ఉండాలి. 147 గ్రెయిన్లు 860 వేగంతో పోతే 126.4. చలి ఉదయం 15 అడుగుల వేగం తగ్గితే 124.2కు పడి స్కోరు లెక్కలోకి రాదు. కనీసం నాలుగైదు పాయింట్ల వెసులుబాటు ఉంచుకోండి.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ స్లైడ్‌ను వెనక్కు నెట్టేది కూడా ఈ తోపే. మరీ మెతక తూటాలు వాడితే స్లైడ్ పూర్తిగా వెనక్కు రాక ఖాళీ కేసు ఇరుక్కుంటుంది. ఇక రివాల్వర్‌లో బరువైన, నెమ్మది బుల్లెట్ దగ్గరి లక్ష్యంపై సాధారణంగా పైకి తగులుతుంది. బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉండటంతో ఆలోగా కుదుపు మూతిని పైకి లేపేస్తుంది.

ఒలింపిక్ పిస్టల్ షూటర్లు ఏ తూటా వాడతారు?

25 మీటర్ల పిస్టల్‌లో .22 లాంగ్ రైఫిల్. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన విభాగాల్లో ఇదొకటి. 40 గ్రెయిన్ల బుల్లెట్, 1070 అడుగుల వేగం ఈ తరగతిలో మామూలు. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 1,125 అడుగులు. దాన్ని దాటని బుల్లెట్‌కు ఆ హద్దు దగ్గర వచ్చే గాలి కుదుపులుండవు, కాబట్టి లక్ష్యం మీద పడ్డ రంధ్రాల గుంపు చెదరదు. సాధనకూ పోటీకీ ఒకే లాట్ తూటాలు కొనగలిగితే కొనండి.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. 9 ఎంఎం తూటాలు కొనవచ్చా?

ఇమ్మిగ్రేషన్ హోదా ముందు చూసుకోండి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు, రాష్ట్ర చట్టాలు వేరే ఉంటాయి. స్నేహితుల మాట మీద ఆధారపడకుండా న్యాయవాదిని అడగండి.

తూటాలు ఎంతకాలం నిల్వ ఉంటాయి?

చల్లగా, పొడిగా ఉంటే దశాబ్దాలు. కోస్తాలోని ఉప్పుగాలి, తేమ ఇత్తడికి శత్రువులు. పచ్చని చిలుము పట్టినా, కేసు నోటి దగ్గర పగుళ్ళు కనిపించినా వాడకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో, తుపాకీకి వేరుగా తాళం వేసి ఉంచండి. తూటాల మీద తుపాకీ నూనె పడనివ్వొద్దు, అది ప్రైమర్ అంచు నుంచి లోపలికి పాకితే పైన చెప్పిన "టప్" చప్పుడు వస్తుంది. తూటాలను వేరే డబ్బాలోకి మార్చినా లాట్ నంబరున్న అట్టముక్కను కత్తిరించి వాటితోపాటే ఉంచండి. కంపెనీ ఏదైనా లాట్‌ను వెనక్కు పిలిస్తే మీ దగ్గరున్నవి అవేనా కాదా అని తెలుసుకోవడానికి ఆ ముక్కే ఆధారం.